తేలని పద్దు: క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌కి టిక్కులు పెట్టే పద్ధతి

మా నాన్నగారు మండపేటలో రైసు మిల్లు గుమస్తా. చిట్టా, ఆవర్జా లాంటి లెక్కల పుస్తకాలు ఆయన చేతిమీదే నడిచేవి. రాత్రి మిల్లు కట్టేశాక కూడా గంటసేపు అక్కడే కూర్చునేవారు. ఆ రోజు పద్దులన్నీ బిల్లులతో సరిచూసి, ఎర్ర పెన్సిలుతో టిక్కులు పెట్టి, ఎవరిదో తేలని మొత్తం ఉంటే అనామతు ఖాతాలో రాసి, అప్పుడు సైకిలెక్కేవారు. "మోసం ఎక్కడుందా అని చూస్తే పెద్ద అంకెలే కనపడతాయమ్మాయ్. తేలని పద్దు ఏదా అని చూడు" అనేవారు.

నాకిప్పుడు యాభై మూడేళ్ళు. పాలకొల్లులో కాపురం, మా వారిది ఎరువుల కొట్టు. ఇంట్లో రెండు క్రెడిట్ కార్డులున్నాయి. ఒకదానికి యాడ్-ఆన్ కార్డు (అదే ఖాతా మీద ఇంట్లోవాళ్ళకి ఇచ్చే అదనపు కార్డు) హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గర ఉంది. నెలనెలా స్టేట్‌మెంట్లు చూసే పని నాది. నాన్నగారి పద్ధతినే కొంచెం మార్చి వాడుకుంటున్నాను. ఒకసారి డబ్బు పోయినంత పనై, ఇంకోసారి ఉత్తపుణ్యానికి టెన్షన్ పడి నేర్చుకున్నది కూడా ఇందులో ఉంది. మా చుట్టాల్లో నలుగురు అడిగితే ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను.

చీటీల డబ్బా

పని స్టేట్‌మెంట్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యం అయినట్టే. నెలంతా కొంచెం కొంచెం జరగాలి. మా వంటింటి గుమ్మం పక్కన పాత బిస్కెట్ల డబ్బా ఒకటుంది. ఎవరు ఎక్కడ కార్డు గీకినా, ఆ మిషన్లోంచి వచ్చిన చీటీ ఇంటికి రాగానే అందులో పడాలి. ఆ చీటీల కాగితం వేడికి అచ్చు ఎగిరిపోయే రకం. మొదట్లో పొయ్యిగట్టు పక్కన పెట్టుకుని, నెలాఖరుకి తీసి చూస్తే సగం తెల్లకాగితాలు. అందుకే చీటీ వెనక బాల్‌పెన్నుతో మూడు ముక్కలు రాస్తాను: ఎంత, ఏ కొట్టు, ఎవరు. కొట్టు పేరు మన నోటికి వచ్చేది రాయాలి. "సెంటర్లో చీరలు" అని రాస్తే చాలు.

అబ్బాయి చీటీలు పంపలేడు కాబట్టి వాట్సాప్‌లో "ఖర్చులు" అని మా ముగ్గురికీ ఒక గ్రూపు పెట్టాను. మొదట్లో వాడు గొడవ చేశాడు.

"అమ్మా, టీ తాగినా లెక్క చెప్పాలా?"

"టీకి చెప్పక్కర్లేదు నాన్నా, కార్డుకి చెప్పు."

కానీ వాడి టీ కూడా కార్డులోంచే. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకున్నాడు. క్యూఆర్ స్కాన్ చేసిన ప్రతి పాతిక రూపాయలూ స్టేట్‌మెంట్‌లో ఒక్కో వరస అవుతాయి. వాడి ఒక్కడివే నెలకి అరవై వరసలు దాటతాయి. వాటి జోలికి నేను పోను. యూపీఐ యాప్‌లో పాత లావాదేవీలన్నీ టైముతో సహా ఉంటాయి కదా, అవి వాడే సరిచూసుకుని "నావి 63, మొత్తం ఇంత" అని మెసేజ్ పెట్టాలని ఒప్పందం. నా లెక్కలో కూడా 63 వస్తే సరే. 64 వస్తే ఇద్దరం కూర్చుంటాం.

స్టేట్‌మెంట్ ఎక్కణ్ణుంచి తీసుకోవాలి

బ్యాంకు యాప్‌లోంచి గానీ, బ్రౌజర్‌లో బ్యాంకు చిరునామా మీరే టైపు చేసి లాగిన్ అయి గానీ తీసుకోండి. మెయిల్లో అటాచ్‌మెంట్‌గా వచ్చే పీడీఎఫ్ కూడా మామూలుగా మంచిదే. చాలా బ్యాంకులు దానికి పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన తేదీ, నెల కలిపి పాస్‌వర్డ్ పెడతాయి. అయితే "మీ స్టేట్‌మెంట్ చూడ్డానికి ఇక్కడ నొక్కండి", "మీ రివార్డు పాయింట్లు ఇవాళ్టితో సరి" అంటూ లింకుతో వచ్చే మెసేజ్‌ని మాత్రం తెరవకండి. వాట్సాప్‌లో బ్యాంకు బొమ్మతో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించేది) వస్తే అసలు ముట్టుకోకండి. అది ఫోన్లో ఎక్కితే మనకొచ్చే ఓటీపీలు వాళ్ళకి కనపడతాయి. పెళ్ళి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని కూడా ఇలాంటి ఫైళ్ళు తిరుగుతున్నాయి.

నేను ప్రింటు తీయించుకుంటాను. జిరాక్స్ కొట్టుకి ఫైలు పంపేముందు పాస్‌వర్డ్ తీసేయడం, వాళ్ళ కంప్యూటర్లో ఫైలు వదిలేసి రావడం మంచిది కాదు. అందుకే మా వారి కొట్లో ప్రింటర్ మీదే తీస్తాను. ఫోన్లోనే చూసేవాళ్ళు చూడొచ్చు. నాకు మాత్రం తెరమీద వేలు జారిస్తే వరసలు కూడా జారిపోయినట్టుంటుంది. కాగితం మీద పెన్సిలు ఆగినచోట కన్ను ఆగుతుంది.

మా స్టేట్‌మెంట్ 14న వస్తుంది. ఆ తర్వాత వచ్చే ఆదివారం, భోజనాలయ్యాక కూర్చుంటాను. గడువు తేదీకి ముందు కార్డుదారుకి కనీసం పక్షం రోజులు ఉండేలా బిల్లు పంపాలని రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. కాబట్టి తొందరేం లేదు. కానీ గడువు చివరి రోజుదాకా ఆగితే మాత్రం మంచిది కాదు, ఎందుకో తర్వాత చెప్తాను.

మొదటి చుట్టు, రెండో చుట్టు

మొదటి చుట్టులో చీటీ ఉన్నవాటికీ, గ్రూపులో మెసేజ్ ఉన్నవాటికీ మాత్రమే టిక్కు. అంకె పైసలతో సహా కలవాలి. తేదీ ఒకటి రెండు రోజులు తేడా ఉన్నా ఫర్వాలేదు. మనం గీకిన రోజు ఒకటి, బ్యాంకు లెక్కలో పడ్డ రోజు ఒకటి ఉంటాయి. కొన్ని స్టేట్‌మెంట్లలో రెండు తేదీలూ ఇస్తారు, కొన్నింట్లో ఒకటే.

"ఇది మనదే అయ్యుంటుందిలే" అని టిక్కు పెట్టడం మాత్రం నిషిద్ధం. ఆ ఒక్క మాట వల్లే నేను దెబ్బ తిన్నాను. గుర్తు లేకపోతే పక్కన చుక్క పెట్టి ముందుకెళ్ళండి.

రెండో చుట్టు చుక్కల కోసం. ఇందులో ఎక్కువగా తికమక పెట్టేది కొట్టు పేరు. బోర్డు మీద ఒక పేరు ఉంటుంది, జీఎస్టీలో ఇంకో పేరు ఉంటుంది, స్టేట్‌మెంట్‌లో ఆ రెండో పేరు పడుతుంది. ఆన్‌లైన్‌లో కొన్నదైతే అమ్మినవాడి పేరుకి ముందు రేజర్‌పే, పేయూ, బిల్‌డెస్క్ లాంటి మధ్య సంస్థ పేరు పడొచ్చు.

ఒక ఏడాది వేసవిలో మా స్టేట్‌మెంట్‌లో 640 రూపాయలు, ఎవరో ఎంటర్‌ప్రైజెస్, ఊరు రాజమండ్రి అని వచ్చింది. ఆ నెల రాజమండ్రి గడప తొక్కలేదు. చీటీ లేదు. మా వారిని అడిగితే "నేను కాదు" అన్నారు. అబ్బాయి "నేను కాదు" అన్నాడు. ఇంకేముంది, గుండె దడ. వెంటనే ఫోన్ చేసి కార్డు శాశ్వతంగా బ్లాక్ చేయించేశాను. కొత్త కార్డు రావడానికి వారం పైన పట్టింది. ఈలోపు దానిమీద ఉన్న ఆటో పేమెంట్లు ఫెయిలయ్యాయి, కార్డు మార్చినందుకు ఫీజు ఒకటి. పదిహేను రోజుల తర్వాత కారు డాష్‌బోర్డులో టోల్ రసీదుల కింద చీటీ దొరికింది. రావులపాలెం వెళ్ళొస్తూ ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు కొన్నాం. కొట్టాయన ఫోన్ నంబరు అట్టపెట్టె మీద ఉంటే చేశాను.

"ఆయ్, మాదేనండి. ఆ మిషను మా బావగారి పేరు మీదుందండి. ఆయన రాజమండ్రిలో ఉంటారండి. ఏవండీ, రేకులు బాలేదాండి?"

రేకులు బాగానే ఉన్నాయి, చీటీ పెట్టుకోని తప్పు మాది. అప్పట్నుంచి పేరు చూసి కంగారుపడను. ముందు ఆ తేదీన మనం ఎక్కడున్నామో చూస్తాను. ఫోన్లో ఫోటోలు తెరిస్తే ఆ రోజు ఏ ఊరో తెలిసిపోతుంది. బ్యాంకు నుంచి వచ్చిన పాత మెసేజ్‌లో టైము కూడా ఉంటుంది. అదీ కాకపోతే ఆ పేరుని గూగుల్‌లో కొట్టి చూస్తాను, పేరు వరకే. అక్కడ కనపడే ఫోన్ నంబర్లకి మాత్రం చేయను.

బ్యాంకు వేసుకునే వరసలు

కొట్ల పద్దులు అయిపోయాక బ్యాంకు తనంతట తాను వేసుకునేవి మిగులుతాయి. ఇవి మోసాలు కాకపోయినా వీటికీ టిక్కు కావాలి. పెట్రోల్ బంకు వరస మా కార్డులో ఇలా పడుతుంది:

5 అక్టోబర్, పెట్రోల్ బంకు, తణుకు: 2,000.00
5 అక్టోబర్, ఫ్యూయల్ సర్‌ఛార్జి: 20.00
5 అక్టోబర్, ఐజీఎస్టీ: 3.60
9 అక్టోబర్, సర్‌ఛార్జి వాపసు: 20.00 జమ

ఒక శాతం సర్‌ఛార్జి, దానిమీద 18 శాతం జీఎస్టీ. సర్‌ఛార్జి వాపసు ఇస్తారు, ఆ మూడు రూపాయల అరవై పైసలు ఇవ్వరు. "పెట్రోల్‌కి సర్‌ఛార్జి ఉచితం" అని కార్డు అంటగట్టేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు. పోనీలెండి.

ఏ ఫీజు పక్కనైనా అందులో 18 శాతం జీఎస్టీ వరస ఉంటుంది. అంటే తెలియని జీఎస్టీ వరస కనపడితే, దాన్ని 18తో భాగించి వందతో గుణిస్తే ఏ ఫీజుకి పడిందో తేలిపోతుంది. 63 రూపాయల జీఎస్టీ ఉంటే 350 రూపాయల ఫీజు ఎక్కడో ఉందన్నమాట. డాలర్లలో కొంటే చాలా కార్డుల్లో మూడున్నర శాతం దాకా మార్కప్ (డాలర్లని రూపాయల్లోకి మార్చినందుకు బ్యాంకు వేసుకునే ఛార్జి), దానిమీద మళ్ళీ జీఎస్టీ. ఈఎంఐకి మార్చుకుంటే ప్రాసెసింగ్ ఫీజు, ప్రతి వాయిదాలో వడ్డీమీద జీఎస్టీ.

వీటిలో నేను గట్టిగా పట్టుకునేది "ప్రొటెక్షన్ ప్లాన్", "సురక్ష", "ఇన్సూరెన్స్ ప్రీమియం" లాంటి మాటలు. నాట్ల సీజన్లో యూరియా కోసం కొట్టు ముందు జనం నిలబడి ఉండగా మా వారికి ఒక ఫోనొచ్చిందట. "కార్డు పోతే రక్షణ ఉంటుంది సార్, యాక్టివేట్ చేస్తున్నాం" అంటే, ఈయన చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి "ఆఁ సరే సరే" అన్నారట. తర్వాతి స్టేట్‌మెంట్‌లో దాదాపు రెండు వేలు. ఇలాంటి బీమా ఇవ్వాలంటే రాతలో గానీ డిజిటల్‌గా గానీ స్పష్టమైన అంగీకారం, నామినీ వివరాలు తీసుకోవాలని ఆ 2022 ఆదేశాల్లోనే ఉంది. "మా అంగీకారం ఏదో చూపించండి" అని మెయిల్ పెట్టాను. చూపించలేదు, రెండు వారాలకి డబ్బు జమ వేశారు. ఫోన్లో వాదిస్తే గంట పోతుంది. మెయిల్ పెడితే సాక్ష్యం మిగులుతుంది.

కార్తీక సోమవారం సంగతి

2024 కార్తీక మాసం, రెండో సోమవారం. తెల్లవారుజామున క్షీరారామంలో దీపాలు పెట్టుకుని, అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని జనంలోంచి బయటపడేసరికి ఆరయ్యింది. ఫోన్ సంచీలో ఉంది. ఇంటికొచ్చి చూస్తే "కార్తీక సోమవార శుభాకాంక్షలు" దీపాల బొమ్మలు నలభై. వాటి కింద బ్యాంకు మెసేజ్ ఒకటి పడి ఉందని నాకు తెలీదు.

గురువారం స్టేట్‌మెంట్ వచ్చింది. ఆదివారం కూర్చున్నాను. చివరి వరసల్లో ఒకటి: 11 నవంబర్, పేరులో అచ్చులే లేని ఏదో విదేశీ సైటు, 59 డాలర్లు, రూపాయల్లో 4,980 చిల్లర. అప్పుడు మెసేజ్‌లు వెతికాను. తెల్లవారుజామున 4:40కి వచ్చి ఉంది. ఆ టైముకి నేను గుడి మెట్ల మీదున్నాను. అబ్బాయి నిద్రలో ఉన్నాడు. ఓటీపీ ఎవరికీ రాలేదు.

ఓటీపీ లేకుండా ఎలా పోతుందని మా వారి ప్రశ్న. మన దేశంలో ఆన్‌లైన్ కొనుగోలుకి ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ తప్పనిసరి. విదేశీ సైట్లలో చాలావాటికి అది ఉండదు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు తెలిస్తే చాలు. అసలు మన కార్డు విదేశాల్లో పనిచెయ్యడమే మనం ఆన్ చేస్తే తప్ప జరగకూడదు. 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మామూలుగా ఇక్కడి ఏటీఎం, స్వైప్ మిషన్లకే పనిచేస్తాయి, మిగతావి మనమే తెరవాలి. మరి ఎవరు తెరిచారు? నేనే. మా మేనకోడలు విదేశీ చదువుకి రాసిన ఇంగ్లీషు పరీక్ష ఫీజు డాలర్లలో కట్టాలని ఆ జూన్‌లో ఆన్ చేసి, ఆపడం మర్చిపోయాను.

ఇంకో సిగ్గుపడే సంగతి. పాత స్టేట్‌మెంట్ తీసి చూస్తే, అక్టోబర్‌లో అదే పేరుతో 83 రూపాయల చిల్లర, ఒక డాలరు లోపు, ఉంది. దానిపక్కన నా చేత్తో పెట్టిన టిక్కు కూడా ఉంది. "అబ్బాయి ఏదో యాప్ కొనుంటాడు" అనుకున్నాను. కార్డు నంబరు దొంగిలించినవాడు అది పనిచేస్తుందో లేదో ముందు చిన్న మొత్తంతో చూసుకుంటాడు. ఎవరూ అరవకపోతే పెద్దది లాగుతాడు. నేను ఆ నెల అరవలేదు.

ఇక్కడ ఒక లెక్క అందరూ తెలుసుకోవాలి. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి ఆ లావాదేవీ కబురు అందిన మూడు పనిదినాల లోపల చెప్తే మనకి నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెప్తే, 5 లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకి మన నష్టం 10,000 దాకా, అంతకు మించిన లిమిట్ ఉంటే 25,000 దాకా, లేదా పోయిన మొత్తం, రెంటిలో ఏది తక్కువైతే అది. ఏడు దాటితే బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానం ఎలా ఉంటే అలా. కబురు అందిన రోజుని లెక్కలో వేయరు.

"పదివేల దాకా" అంటే అదేదో ఊరట అనుకుంటారు. నాది చూడండి. పోయింది ఐదు వేల లోపు. నాలుగో రోజు చెప్తే ఆ మొత్తమంతా నా నెత్తినే పడొచ్చు. సోమవారం మెసేజ్ వచ్చింది. మంగళ, బుధ, గురువారాలతో మూడు పనిదినాలు అయిపోయాయి. స్టేట్‌మెంట్ చేతికొచ్చిన రోజే గడువు ముగిసింది. నెలకోసారి కూర్చుని ఎంత శ్రద్ధగా టిక్కులు పెట్టినా ఆ మూడు రోజుల గడువు దొరకదు. దాన్ని పట్టుకునేది మెసేజ్ ఒక్కటే.

అందుకే ఇప్పుడు రాత్రి పడుకోబోయే ముందు బ్యాంకు మెసేజ్‌లు ఒక్క నిమిషం చూస్తాను. బ్యాంకు పేరుతో వచ్చేవాటికి వేరే మోత పెట్టించుకున్నాను. రెండో కార్డుకి బ్యాంకులో ఉన్న ఫోన్ నంబరు మా వారి పాత సిమ్ అని కూడా అప్పుడే తెలిసింది, మార్పించాం. మీ ఇంట్లో కూడా కార్డు ఒకరిది, మెసేజ్ వచ్చే ఫోన్ ఇంకొకరిది అయితే ముందు ఆ పని చూడండి.

ఆ ఆదివారం ఏం చేశాను

ముందు యాప్‌లో కార్డుకి తాత్కాలిక లాక్ వేశాను. పూతరేకుల పాఠం గుర్తుంది కదా, లాక్ అయితే ఎప్పుడైనా తీసేసుకోవచ్చు. ఇంటర్నేషనల్ ఆపేశాను. తర్వాత కార్డు వెనక అచ్చువేసిన నంబరుకి ఫోన్ చేశాను. గూగుల్‌లో వెతికితే కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు దొరుకుతాయి, వాటికి చేస్తే ఉన్నది కూడా ఊడుతుంది. ఫోనెత్తిన అమ్మాయికి నాలుగు ముక్కలే చెప్పాను: ఏ తేదీ, ఏ పేరు, ఎంత, నేను చెయ్యలేదు. విదేశీ లావాదేవీ, నంబరు బయటపడిందని ఖాయం కాబట్టి ఈసారి కార్డు పూర్తిగా బ్లాక్ చేసి కొత్తది పంపమన్నాను. ఫిర్యాదు నంబరు, టైము స్టేట్‌మెంట్ మీదే రాసుకున్నాను. అదే వివరాలతో మెయిల్ పెట్టాను. వాళ్ళు పంపిన డిస్ప్యూట్ ఫారం నింపేటప్పుడు అక్టోబర్ 83 రూపాయలు కూడా రాశాను. చిన్నదని వదిలేస్తే, మొదటిది మీరే చేశారు కదా అనే అవకాశం ఇచ్చినట్టవుతుంది.

1930కి కూడా చేశాను. అది సైబర్ మోసాల జాతీయ నంబరు. డబ్బు ఇంకా దారిలో ఉండగానే చెప్తే ఆపే వీలుంటుంది కాబట్టి, మోసం జరిగిన గంటల్లోనే దానివల్ల ఎక్కువ ఉపయోగం. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైటులో ఫిర్యాదు పెడితే వచ్చే రసీదుని బ్యాంకు మెయిల్‌కి జతచేశాను.

నా డబ్బు చివరికి వచ్చింది. మూడు రోజుల నిబంధన కింద రాలేదు. బ్యాంకు కార్డు నెట్‌వర్క్ ద్వారా ఆ సైటు మీద ఛార్జ్‌బ్యాక్ (డబ్బు వెనక్కి ఇమ్మని అడగడం) వేస్తే అవతలివాళ్ళు జవాబివ్వలేదట. దాదాపు రెండు నెలలు పట్టింది. మార్కప్, దాని జీఎస్టీ వెనక్కి వేయడం మర్చిపోతే ఇంకో మెయిల్ పెట్టి అవి కూడా వేయించుకున్నాను. మూడు రోజుల్లోపు చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ వేసి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు మనదని రుజువు చేసే బాధ్యత కూడా బ్యాంకుదే. మనమే ఎవరికైనా ఓటీపీ చెప్పేసి ఉంటే ఈ రక్షణ ఉండదు, బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా మనదే. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుది. అందుకని సిగ్గుపడి దాచుకోకుండా ఓటీపీ చెప్పేసినవాళ్ళే అందరికంటే ముందు ఫోన్ చేయాలి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, ఖర్చేం లేదు. నాకు అంతదాకా రాలేదు.

మా వారు కోపంలో "బిల్లు మొత్తం కట్టకు, వాళ్ళే దిగొస్తారు" అన్నారు. అలా చేస్తే నష్టం మనకే. మిగతా మొత్తం మనం వాడుకున్నదే కదా, అది ఆగితే వడ్డీ, ఆలస్యపు ఫీజు మీద పడతాయి, సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడతామో లేదో చెప్పే మార్కు) కూడా దెబ్బతింటుంది. మోసమని ఫిర్యాదు ఇచ్చిన లావాదేవీ మీద తేలేదాకా ఛార్జీలు వేయకూడదని నిబంధన ఉంది. ఆ మొత్తం తీసేసి మిగతాది ఎంత కట్టాలో బ్యాంకుని మెయిల్లో అడిగి, జవాబు వచ్చాక అంతే కట్టాను. గడువు చివరి రోజున కూర్చుంటే ఈ ఉత్తరప్రత్యుత్తరాలకి వ్యవధి ఉండదు. మొదట్లో తర్వాత చెప్తానన్నది ఇదే.

నెలనెలా వచ్చేవి, ఎదురుచూడాల్సినవి

ఓటీటీలు, యాప్‌ల చందాలు విడిగా చూడాలి. కార్డుమీద ఆటో పేమెంట్ పెట్టుకుంటే డబ్బు కోసే ముందు 24 గంటలు ముందుగా కబురు పంపాలి, మామూలు చందాలకి 15,000 దాకా ప్రతిసారీ ఓటీపీ అడగరు. మా ఇంట్లో నెలకి 149 చొప్పున అయిదు నెలలు ఒక చందా పోయింది. అత్తయ్యగారు ఫోన్లో ప్రవచనాలు వింటూ "వారం ఉచితం" అన్నచోట నొక్కారు. ఓటీపీ వస్తే పక్కనున్న మనవరాలు కొట్టిపెట్టింది. దీన్ని మోసం అనలేం. యాప్ తీసేస్తే చందా ఆగదని మాత్రం గుర్తుంచుకోండి. బ్యాంకు సైటులో ఆటో పేమెంట్ల జాబితా ఉంటుంది, అక్కడ రద్దు చేయాలి.

జమల పక్కన కూడా టిక్కు పెట్టండి. వెనక్కి పంపిన చీర డబ్బు, రద్దయిన టిక్కెట్టు డబ్బు వచ్చిందో లేదో ఎవరూ చూడరు. నేను స్టేట్‌మెంట్ చివర ఖాళీలో "రావాల్సినవి" అని రాసుకుని, వచ్చే నెల కాగితం మీదికి మోసుకెళ్తాను. నాన్నగారి అనామతు ఖాతా ఇదే. తేలేదాకా నెల నెలా పుట మారుతూ ఉంటుంది.

ఇంకొకటి, కార్డు సెట్టింగులు. ఇంటర్నేషనల్ ఆపేసి ఉంచాను, కావాల్సినప్పుడు తెరిచి పని కాగానే మూసేస్తాను. పిన్ను లేకుండా ట్యాప్‌తో 5,000 దాకా పోతుంది కాబట్టి మా వారి కార్డుకి దాన్ని వెయ్యికి తగ్గించాను. ఆయన చొక్కా జేబులో కార్డు పెట్టుకుని పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి వెళ్ళే మనిషి.

ఈ నెల కాగితం మీద ఒక్క చుక్క మిగిలింది. 236 రూపాయలు, యాడ్-ఆన్ కార్డు చివరి నాలుగంకెలు, హైదరాబాద్. అబ్బాయికి ఫోటో తీసి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి కానీ జవాబు రాలేదు. తొమ్మిదింటిదాకా చూసి ఫోన్ చేస్తాను.